ఐదు ఖర్జూరాలు

సంజీవరావు తాగిన టీ గ్లాసు కడగాలంటే కళావతికి ప్రతిసారీ రోత పుట్టేది. టీ సగమే తాగేవాడు. మిగతా సగం అడుగున ఖర్జూరం గింజలు పేరుకుని ఉండేవి. పళ్ళెంలో పెట్టినవన్నీ ఒక్కటొక్కటే నోట్లో వేసుకుని, గింజను చాలాసేపు చప్పరించి చప్పరించి, చివరికి ఆ టీలోకే వదిలేవాడు మహానుభావుడు. గింజలకని కళావతి పక్కనే వేరే గిన్నె పెట్టేది. ఆ గిన్నె మొహం ఆయన ఏనాడూ చూసిన పాపాన పోలేదు.

అదొక్కటే అయితే సరిపెట్టుకునేది. పెన్ను మూత చెవిలో పెట్టి గులిమి తీసుకుని, బయటికి తీసి ఓసారి పరీక్షగా చూసుకుని, మూతను మళ్ళీ పెన్నుకు తగిలించి, ఆ పెన్ను దానా చేతికిచ్చి "యల్లా, రాయి" అనేవాడు. దానా పదమూడేళ్ళ పిల్ల. ఆ పెన్ను పట్టుకుని రాసేది. గుమ్మం దగ్గర స్టూల్ మీద కూర్చున్న కళావతి మొహం పక్కకు తిప్పుకునేది.

కువైట్‌లో సుర్రా అనే పేటలోని ఆ ఇంట్లో కళావతి నాలుగేళ్ళుగా వంటపనీ పిల్లపనీ చూస్తోంది. ఇంటి యజమానురాలిని అక్కడి పనివాళ్ళ అలవాటు ప్రకారం మామా అంటుంది, ఆమె ఈమెను కలా అంటుంది. బాబా అనదగ్గ ఇంటాయన ఇప్పుడు ఆ ఇంట్లో లేడు. మామాకూ ఆయనకూ కోర్టులో తగువు నడుస్తోంది. ఉన్నది మామా, ఆమె ఒక్కగానొక్క కూతురు దానా. దానా ఇంగ్లీషు బడిలో ఎనిమిదో క్లాసు చదువుతోంది. లెక్కలంటే హడలు.

సంజీవరావు దొరికిన తీరు కూడా చెప్పుకోవాలి. ఆయనది కాకినాడ దగ్గర ఊరు. కువైట్‌లోనే షువైఖ్ పేటలో కార్ల స్పేర్ పార్టుల కొట్టులో పని. మామా తమ్ముడు అక్కడ బ్రేకు ప్లేట్లు కొనడానికి వెళ్ళి, ఈయన నోటితోనే చకచకా లెక్క కట్టి చెప్పడం చూసి మురిసిపోయాడు. ఇండియావాడు, పైగా కళ్ళజోడు. లెక్కలు రాకేం చేస్తాయని ఇంటికి తోలుకొచ్చాడు. కూడికలు నోటితో చేసేవాడికి ఆల్జీబ్రా కూడా వచ్చుండాలని ఆ ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆయన కాదనలేదు.

మగ ఉస్తాద్ దగ్గర ఆడపిల్లను ఒంటరిగా కూర్చోబెట్టడం ఆ ఇంటి పద్ధతి కాదు. అందుకని ఆదివారం, మంగళవారం, గురువారం సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా హాలు తలుపు బార్లా తెరిచి పెట్టి, గుమ్మం పక్కన స్టూల్ వేసుకుని కళావతి కూర్చోవాలి. ఒళ్ళో మడత పెట్టాల్సిన బట్టలు, కళ్ళు మాత్రం ఆ బల్ల మీద. చూస్తుంటే చాలు, అర్థం చేసుకునే పని లేదు. కళావతికి చదువు రాదు కదా.

అబద్ధమంతా అక్కడే ఉంది. కళావతి రాజంపేట ప్రభుత్వ కాలేజీలో లెక్కలతో బీఎస్సీ పాసైంది. రైల్వే కోడూరులో ఒక ప్రైవేటు బడిలో ఆరేళ్ళపాటు ఎనిమిదికీ తొమ్మిదికీ లెక్కలు చెప్పింది. కరోనాలో మూసిన బడి మళ్ళీ తెరుచుకోలేదు. కువైట్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు ఆమె సర్టిఫికెట్ల కట్ట వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇవన్నీ ఇంట్లోనే పెట్టి రా మా. చదువుకున్నోళ్ళను ఇండ్లల్లో పెట్టుకోరు. కాయితాలు చదువుతారని భయం వాళ్ళకు. ఏలిముద్ర ఎయ్యి. ఏమడిగినా తెలీదను, సాలు" అన్నాడు. పిల్లల నోటు పుస్తకాల్లో ఆరేళ్ళు ఎర్ర సిరాతో సంతకాలు చేసిన చెయ్యి, ఆ రోజు ఇంకు ప్యాడ్ మీద బొటనవేలు ఒత్తింది.

ఏజెంటు మాట అబద్ధం కాలేదు. మామా ఆమెను ఎంచుకున్నది అందుకే. వచ్చిన కొత్తలోనే బ్యాంకు ఉత్తరాలూ కోర్టు కాగితాలూ భోజనాల బల్ల మీద పరిచి పెట్టి, "కలా, వీటిని కదపకుండా బల్ల తుడువు" అనేది. ఇంగ్లీషులో ఉన్నవాటిని బల్ల తుడుస్తూనే తలకిందులుగా చదివేది కళావతి. కావాలని కాదు. అక్షరం వచ్చిన కన్నుకు రెప్ప వేసుకున్నా చదవడం ఆగదు.

ఇక దానా. కళావతి వచ్చేనాటికి దానాకు తొమ్మిదేళ్ళు. జమియా కొట్టుకు కళావతిని సరుకులకు పంపేటప్పుడు చీటీ చదవలేదని జాలిపడి, బొమ్మలు వేసి ఇచ్చేది. పాలకు ఆవు, గుడ్లకు కోడి, నిమ్మకాయలకు పసుప్పచ్చ గుండ్రాలు. ఉల్లిపాయలకు కన్నీళ్ళు కారుస్తున్న మొహం వేసేది. ఆ చీటీ ఫ్రిజ్ మీద అతికించి, ఏ బొమ్మ ఏమిటో కళావతి చేత చెప్పించుకునేది. నాలుగేళ్ళుగా ప్రతి వారం అదే. పిల్ల పెద్దదయ్యేకొద్దీ బొమ్మలు బాగుపడ్డాయి గానీ ఆగలేదు.

ఒకసారి తెల్లబోర్డు తెచ్చి పేరు రాయడం నేర్పింది కూడా. కే, ఏ, ఎల్, ఏ. కళావతి కావాలనే కే అక్షరాన్ని తిరగేసి రాసింది. దానా పకపకా నవ్వి, చెయ్యి పట్టుకుని దిద్దించింది. నాలుగోసారికి సరిగ్గా రాస్తే మెడ చుట్టూ చేతులు వేసి నుదుటి మీద ముద్దు పెట్టింది. ఆ కాగితాన్ని కళావతి తన గదిలో అలమర తలుపుకు అంటించుకుంది. దాన్ని చూసినప్పుడల్లా కొంచెం సిగ్గుగానూ కొంచెం తృప్తిగానూ ఉండేది. సిగ్గే ఎక్కువగా ఉండాల్సింది, కానీ లేదు.

సంజీవరావు వచ్చిన మొదటి వారంలోనే ఘాతాంకాల పాఠం మొదలైంది. 3x²ని 4x³తో గుణించమని పుస్తకంలో మొదటి లెక్క. ఆయన పెన్ను మూత చెవిలోంచి తీసి, "మూడు నాలుగులు పన్నెండు, రెండు మూళ్ళు ఆరు. పన్నెండు ఎక్స్ పవర్ ఆరు" అని రాశాడు. కళావతి చేతిలో దిండు గలీబు సగం మడతలో ఆగిపోయింది.

పొరపాటున అన్నాడేమో అనుకుంది. కాదు. రెండో లెక్కా అంతే, మూడోదీ అంతే. గుణకారం గుర్తు కనబడితే చాలు, కింద ఉన్న అంకెల్నీ పైన ఉన్న అంకెల్నీ ఒకే రోకలితో దంచేస్తున్నాడు. పైన ఉన్నవి కలుపుకోవాలని ఎనిమిదో క్లాసులో మొద్దు పిల్లవాడిక్కూడా తెలుస్తుంది. దానా ఎక్స్ పవర్ సున్నా ఎంతని అడిగితే "సున్నా" అన్నాడు తడుముకోకుండా. ఎందుకంది పిల్ల. "రూల్ ఈజ్ రూల్" అని కసిరి, ఇంకో ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు.

కళావతితో ఆయన హిందీలోనే మాట్లాడేవాడు. "చాయ్ లావ్" అన్న రెండు ముక్కలే ఎప్పుడూ. ఆమె తెలుగు మనిషని మొదటి రోజే పసిగట్టాడు. ఇంట్లో పనిచేసే ఆడమనిషితో తెలుగు మాట్లాడితే తన కళ్ళజోడు విలువ ఎక్కడ తగ్గిపోతుందో అని భయం కాబోలు. కానీ దానా లేచి నీళ్ళకు వెళ్ళినప్పుడు ఫోన్ తీసి స్నేహితుడితో మాత్రం గొంతు తగ్గించకుండా తెలుగే మాట్లాడేవాడు.

"ఏటి చెప్తాంరా, ఈళ్ళకి ఇండియావోడంటే లెక్కలొచ్చేత్తాయని నమ్మకం. ఇంటర్లో లెక్కలు రెండు సార్లు తన్నేసినోణ్ణి, నన్ను తెచ్చి మాస్టార్ని చేసేశారు. పిల్లా ఉత్త మొద్దు. ఏం చెప్పినా రాసేసుకుంటది. కాపలాకి ఓ ఏలిముద్ర మనిసిని కూడా కూకోబెట్టారు. అది నన్ను సూత్తంటే గోడనున్న బల్లి సూసినట్టే ఉంటది" అని పగలబడి నవ్వేవాడు.

కళావతికి అరికాలి మంట నెత్తికెక్కేది. మొహం మీద మాత్రం ఏమీ కనబడకూడదు. తేలు కుట్టిన దొంగలా కూర్చుని తువ్వాళ్ళు మడతపెట్టేది. ఏమీ లేని విస్తరి ఎగిరెగిరి పడుతుంది, అన్నీ ఉన్న విస్తరి అణిగిమణిగి ఉంటుందని వాళ్ళమ్మ అంటుండేది. ఆ మాట తలుచుకుని కొన్నాళ్ళు లోలోపల గర్వపడింది కూడా.

బడిలో యూనిట్ టెస్ట్ పెట్టారు. దానాకు ఇరవైకి మూడు వచ్చాయి. దాంతోపాటు ఒక ఉత్తరం వచ్చింది. మామా దాన్ని చదివి, మొహం ఎర్రగా చేసుకుని, బల్ల మీదే వదిలి వెళ్ళింది. టర్మ్ పరీక్షలో కూడా లెక్కలు తప్పితే దానా ఎనిమిదో క్లాసు మళ్ళీ చదవాల్సి ఉంటుందని అందులో ఉంది. కళావతి బల్ల తుడుస్తూ రెండు సార్లు చదివింది. పరీక్షకు పదకొండు రోజులుంది.

సంజీవరావును పిలిచి మామా అడిగింది. ఆయన తల పంకించి, పిల్లకు ఏకాగ్రత లేదనీ, ఫోన్ ఎక్కువైపోయిందనీ, తనలాంటివాడు కాబట్టి ఓర్చుకుంటున్నాడనీ చెప్పాడు. చెబుతూనే చెవిలో మూత తిప్పుకున్నాడు. మామా దానా ఫోన్ లాక్కుంది. దానా వంటింట్లోకి వచ్చి, బియ్యం డబ్బా పక్కన నేల మీద కూలబడి, "నేను గాడిదను కలా. నాకు బుర్ర లేదు" అని ఏడ్చింది. కళావతి పక్కన కూర్చుని ఆ పిల్ల తల నిమిరింది. ఆ రోజు ఆమెకు సంజీవరావు మీద వేసినంత రోత బతుకులో ఎవరి మీదా వేయలేదు.

శుక్రవారం సెలవుకు ఖైతాన్ పేటలో ఉండే బషీరా బీ గదికి వెళ్ళింది. బషీరా బీది రాయచోటి. కువైట్‌లో పదహారేళ్ళ సర్వీసు. కళావతి బీఎస్సీ సంగతి ఈ దేశంలో తెలిసింది ఆమె ఒక్కదానికే. చెప్పింది విని, ఉల్లిపాయలు తరగడం ఆపకుండానే తీర్పు ఇచ్చేసింది.

"గమ్మునుండు మే. నీకు చదువొచ్చని తెల్సిందంటే ఆ యమ్మ నిన్ను ఒక్క దినం పెట్టుకుంటాదా? నాలుగేండ్లు నా కాయితాలన్నీ ఇది చదివిందే అని కడుపు రగిలిపోతాది. ఆయప్ప తప్పు చెప్తే ఆ పాపం ఆయప్పది. నీకేమి?"

"పిల్ల ఏడుస్తాంది బషీరక్కా."

"పిల్లలు ఏడ్చాకనే పెద్దోళ్ళయితారు. నోరు తెరిస్తే నువ్వు ఏడ్చాల. తెలివిగా ఉండు."

కళావతి తెలివిగానే ఉందామనుకుంది. చదివినట్టు తెలియకుండా చెప్పే మార్గం ఒకటి ఉంది కదా. మర్నాడు మధ్యాహ్నం దానా వంటింట్లోకి రాగానే వంటింటి గట్టు మీద ఖర్జూరాల డబ్బా తెరిచింది.

"ఉస్తాద్ రోజూ పైన చిన్న అంకె, చిన్న అంకె అంటాడే, ఏంటది? నాకు చెప్పు" అంది తన వంటింటి అరబ్బీలో, ఏమీ తెలియనట్టు.

దానా కళ్ళు తుడుచుకుంది. "ఎక్స్ పైన రెండు ఉంటే రెండు ఎక్స్‌లు ఒకదాంతో ఒకటి గుణించినట్టు."

"అయితే రెండు ఖర్జూరాలు ఇక్కడ పెట్టు. మూడు ఉంటే?"

"మూడు ఎక్స్‌లు." దానా మూడు ఖర్జూరాలు పక్కన పెట్టింది.

"ఇప్పుడు వాటినీ వీటినీ కూడా గుణించాలన్నాడు. అన్నీ ఒకే వరసలో పెట్టు. ఎన్ని?"

"ఐదు." దానా వాటి వైపే చూస్తూ ఉండిపోయింది. "ఐదే ఉన్నాయి కలా."

"మరి ఆరో ఖర్జూరం ఎక్కడి నుంచి తెచ్చాడు మీ ఉస్తాద్?"

పిల్ల నవ్వింది. వారం తర్వాత నవ్వడం. కళావతి రెండు పళ్ళేలు తీసి, ఒక్కోదాంట్లో మూడేసి పెట్టించింది. మూడు ఎక్స్‌ల గుంపు రెండు సార్లు వస్తే అప్పుడు ఆరు, అది వేరే లెక్క. ఇక్కడ ఒక గుంపు రెండుది, ఒక గుంపు మూడుది. ముందు ఉన్న మూడూ నాలుగూ మాత్రం మామూలు అంకెలు, వాటిని మామూలుగానే గుణించుకోవాలి. తర్వాత సున్నా పవర్ సంగతి, అంటే మూడు ఎక్స్‌లను మూడు ఎక్స్‌లతో భాగించడం. పైన మూడు ఖర్జూరాలు, కింద మూడు ఖర్జూరాలు, మధ్యలో గీతగా గరిటె. పైదీ కిందిదీ జతలుగా తీసేస్తే ఏమీ మిగల్లేదు కాబట్టి సున్నా అంది దానా.

"పది రొట్టెలు పదిమందికి పంచితే తలా సున్నానా?"

"తలా ఒకటి." దానా గరిటె వైపూ ఖర్జూరాల వైపూ చూసి నోరు తెరిచింది. "అందుకా ఒకటి. నీకెలా తెలుసు కలా?"

"రోజూ అక్కడే కూర్చుంటాను కదా. చెవులున్నాయి" అంది కళావతి. అబద్ధం నున్నగా జారి వచ్చింది. నాలుగేళ్ళలో మొదటిసారి తన గొంతు తనకే కోడూరు బడిలో విన్నట్టు వినిపించింది. ఎంత సంతోషం వేసిందంటే, ఆ పూట కూరలో ఉప్పు రెండు సార్లు వేసింది.

ఆదివారం ఉస్తాద్ ఇచ్చిన హోంవర్కు మొత్తం మంగళవారానికల్లా దానా తనంతట తానే చేసి పెట్టింది. 12x⁵. 10a⁵. ఒక్కటి తప్పు లేదు. దూరం నుంచే చూసి కళావతి గుండె నిండింది. సంజీవరావు వచ్చాడు, ఖర్జూరం నోట్లో వేసుకున్నాడు, పుస్తకం తెరిచాడు, ఎర్ర పెన్నుతో పేజీ ఈ చివర నుంచి ఆ చివర దాకా కొట్టేశాడు.

"రెండు మూళ్ళు ఎంత? ఐదా? ఇన్ని రోజులు గొంతు చించుకున్నది దీనికా? పన్నెండు ఎక్స్ పవర్ ఆరు. యాభై సార్లు రాయి."

"ఐదే ఉస్తాద్. కలా ఖర్జూరాలతో చూపించింది" అంది దానా.

సంజీవరావు మెల్లగా తల తిప్పి గుమ్మం వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, వినోదమే ఉంది. తెలుగులో, తనకు తాను చెప్పుకుంటున్నట్టు, "అమ్మో, ఏలిముద్రోళ్ళు కూడా లెక్కలు చెప్పేత్తన్నారు. ఇంకా నయం, కుక్కరు కూడా కూత ఆపి పాఠం చెప్పలేదు" అన్నాడు. గింజను టీలోకి ఊశాడు.

అప్పటికీ కళావతి కదలలేదు. బషీరా బీ మాట గుర్తుంది. దానా రాయడం మొదలుపెట్టింది. మొదటి వరుస విసురుగా రాసింది, రెండోది పళ్ళు కొరుకుతూ రాసింది. ఏడో వరుసకు వచ్చేసరికి చెయ్యి నెమ్మదించింది. మొహంలో విసురు పోయింది. బడికి వెళ్ళి చదువుకున్న ఉస్తాద్ చెప్పేది ఒకటి, అక్షరం ముక్క రాని కలా చెప్పేది ఒకటి. పిల్ల నమ్మాల్సిన వాళ్ళనే నమ్ముతోంది. ఎనిమిదో వరుస రాస్తూ, తప్పు చేసినదానిలా కళావతి వైపు ఓరగా చూసి, చూపు దించుకుంది.

ఆ చూపు కళావతి భరించలేకపోయింది. ఒళ్ళో బట్టలు నేల మీద పడ్డాయి. బల్ల దగ్గరికి వెళ్ళి, ఆ రోత పెన్ను అక్కర్లేదని దానా పెన్సిల్ పెట్టెలోంచి పెన్సిల్ తీసుకుంది. ఎర్ర గీతల కింద ఖాళీలో లెక్కను మెట్టుమెట్టుగా ఇంగ్లీషులో రాసింది. అక్షరాలు గుండ్రంగా, పొందిగ్గా, నల్లబల్ల మీద పిల్లలకు కనబడేలా రాసిన అలవాటుతో పడ్డాయి.

"సార్" అంది తెలుగులో. సంజీవరావు ఉలిక్కిపడ్డాడు. "ఎక్స్ బదులు రెండు ఎయ్యండి. మూడు ఎక్స్ స్క్వేర్ అంటే పన్నెండు. నాలుగు ఎక్స్ క్యూబ్ అంటే ముప్పై రెండు. పన్నెండు ముప్పై రెండ్లు మూడు నూర్ల ఎనబై నాలుగు. ఇప్పుడు పాప రాసింది చూడండి. పన్నెండు ఇంటూ రెండు పవర్ ఐదు. అదీ మూడు నూర్ల ఎనబై నాలుగే. మీది ఏడు నూర్ల అరవై ఎనిమిది. రెండింతలు వచ్చింది సార్. ఇంటర్లో రెండు సార్లు తప్పినోళ్ళు కదా, మూడోసారి పిల్లను పెట్టి రాయిస్తాండారా?"

ఆయన నోట్లో ఖర్జూరం అలాగే ఉండిపోయింది. కానీ బతకనేర్చిన మనిషి. గుమ్మంలో మామా వచ్చి నిలబడడం కళావతి కంటే ముందు ఆయనే చూశాడు.

"మామా, చూడండి" అన్నాడు అరబ్బీలో, కాగితాన్ని ఎత్తి పట్టుకుని. "ఈమె చదువుకున్న మనిషి. ఇంగ్లీషు రాస్తోంది. మీ దగ్గర దొంగతనంగా చేరింది. మీ ఇంట్లో కాగితాలన్నీ ఇన్నాళ్ళూ చదివే ఉంటుంది."

మామా కాగితం తీసుకుంది. చాలాసేపు చూసింది. "నీకు చదవడం వచ్చా కలా?"

"వచ్చు మామా."

"ఎప్పటి నుంచి?"

"చిన్నప్పటి నుంచి. నేను ఇండియాలో లెక్కల టీచర్‌ని. ఇతను చెప్పేదంతా తప్పు. పిల్ల ఫెయిలవుతుందని..."

మామా ఆ మిగతా మాటలు విన్నట్టు లేదు. ఆమె కళ్ళు భోజనాల బల్ల మీదికి పోయాయి. అక్కడ కోర్టు నుంచి వచ్చిన కవరు ఎప్పటిలాగే తెరిచి ఉంది. నడిచి వెళ్ళి, దాన్నీ కింద ఉన్నవాటినీ ఒకదాని మీద ఒకటి పేర్చి, బోర్లించి, మీద అరచెయ్యి పెట్టింది. అప్పుడు కళావతి వైపు చూసింది. ఆ చూపు కళావతికి కొత్త కాదు. సంజీవరావు టీ గ్లాసును తాను రోజూ చూసే చూపు అది.

సంజీవరావును ఆ నిమిషమే పంపేసింది. "ఖలాస్, మళ్ళీ రావద్దు" అన్న ఒక్క మాటే చెప్పింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, పోతూ పోతూ పళ్ళెంలో మిగిలిన రెండు ఖర్జూరాలు జేబులో వేసుకున్నాడు. కళావతిని కూడా పొమ్మంటుందనే అనుకుంది. మామా అనలేదు. పరీక్షకు ఐదు రోజులే ఉంది.

"పరీక్ష అయ్యేదాకా నువ్వే చెప్పు" అంది. "నేను ఇక్కడ కూర్చుంటాను."

వంటింట్లో ఆ గ్లాసు కడుగుతుంటే గింజలు గలగలమన్నాయి. వాడు ఊసినవే అవి, ఇన్నాళ్ళలాగే. కానీ రోత ఈసారి గ్లాసు మీదికి పోలేదు. లేనిది ఉందని చెప్పుకుని బతికినవాడు వాడు. ఉన్నది లేదని చెప్పుకుని బతికింది తను. ఇద్దరూ అదే పిల్ల ముందు కూర్చుని, అదే పళ్ళెంలోంచి తిన్నారు. వాడు ఒక నెల మోసం చేశాడు, తను నాలుగేళ్ళు చేసింది. అన్నీ ఉన్న విస్తరి అట. ఛీ అనుకుంది, నోరు తెరిచి, పైకి వినబడేలాగే.

ఐదు రోజులూ పాఠం జరిగింది. బల్ల దగ్గర కళావతి, ఎదురుగా దానా. గుమ్మం పక్కన ఆ స్టూల్ మీదే మామా, బార్లా తెరిచిన తలుపు పక్కన, కళ్ళు కళావతి చేతుల మీద పెట్టి. దానా బుద్ధిగా విన్నది. చెప్పిన ప్రతి లెక్కా చేసింది. ఘాతాంకాలు కలపాల్సిన చోట కలిపింది, గుణించాల్సిన చోట గుణించింది, భాగహారంలో తీసేసింది. ఒక్కసారి కూడా నవ్వలేదు. మొదటి రోజు సందేహం అడగబోతూ "కలా" అని సగంలో ఆగి, "అబ్లా" అంది. ఆ దేశంలో పిల్లలు బడిలో టీచరమ్మను పిలిచే పిలుపు అది. ఒకప్పుడైతే ఆ పిలుపు కోసం కళావతి ఏమైనా ఇచ్చి ఉండేది. మిగతా రోజులన్నీ అబ్లా అనే పిలిచింది.

ఆఖరి రోజు పుస్తకం మూస్తూ, ఫోన్ వస్తే మామా లోపలికి వెళ్ళాక, దానా తల ఎత్తకుండా అడిగింది.

"అప్పుడు కే తిరగేసి రాశావు. నేను చెయ్యి పట్టుకుని దిద్దించాను. అది కావాలనే చేశావా?"

కళావతికి చప్పున ఒక అబద్ధం అందింది. నాలుగేళ్ళ అలవాటు కదా, నాలిక చివరే ఉంటుంది. దాన్ని మింగేసింది.

"కావాలనే చేశాను" అంది.

దానా తల ఊపింది. పెన్సిళ్ళు ఒక్కొక్కటే పెట్టెలో సర్దుకుని, పెట్టె మూసి, తన గదికి వెళ్ళిపోయింది.

దానా టర్మ్ పరీక్షలో లెక్కలు పాసైంది. ఇరవైకి పదిహేడు. ఆ మాట కళావతికి మామా చెప్పింది. చెప్పి, "షుక్రన్" అంది, బయటివాళ్ళకు కృతజ్ఞత చెప్పినట్టు మర్యాదగా. కాగితాలకు ఇప్పుడు తాళం ఉన్న సొరుగు వచ్చింది. పని మాత్రం పోలేదు. అక్కడ ఉండడానికిచ్చే ఇఖామా కార్డు గడువు అయ్యేదాకా ఉండమంది, తర్వాత చూద్దామంది. బషీరా బీ ఫోన్లో విని, "బతికిపోయినావు మే, ఇంకేం గావాల నీకు" అంది. కళావతి ఊఁ కొట్టింది.

శనివారం పొద్దున జమియాకు వెళ్ళాలి. కళావతి ఫ్రిజ్ దగ్గరికి వచ్చింది. చీటీ ఎప్పటి చోటే, అదే అయస్కాంతం కింద ఉంది. ఆవు లేదు, కోడి లేదు, ఏడుస్తున్న ఉల్లిపాయా లేదు. పాలు, గుడ్లు, నిమ్మకాయలు, ఉల్లిపాయలు, ఖర్జూరాలు అని ఇంగ్లీషులో, వరసగా, గీతలు గీసిన కాగితం మీద దానా దస్తూరితో మాటలు మాత్రమే ఉన్నాయి. కళావతి వాటిని ఒక్క చూపులో చదివేసింది. చీటీ మడిచి చేతిలో పెట్టుకుని, సంచీ తీసుకుని జమియాకు బయలుదేరింది.